సంతకం కంటే ముందే

ఫ్రైబర్గ్, జర్మనీ

నాన్నకు నమస్కరించి రాయునది. ఇక్కడ నేను క్షేమం.

ఫోన్లో చెప్తే 'రాసిపెట్టి ఉందిలే' అని పెట్టేస్తావు, అందుకే ఉత్తరం. ఇంకో రెండేళ్లు ఇక్కడే ఉండేలా కాంట్రాక్టు మీద శుక్రవారం సంతకం పెట్టాను. అమ్మకు నువ్వే మెల్లగా చెప్పు.

'శివుడాజ్ఞ లేనిదే చీమైనా కుట్టదు' అని నువ్వంటే, మరి కుట్టిన చీమను ఎందుకు నలుపుతావని ఇంటర్లో నీతో పోట్లాడేదాన్ని. ఆ చీమ సంగతి తేల్చే పని మొదలైంది ఈ ఊళ్లోనే! 1964లో కార్న్‌హూబర్ అనే డాక్టరూ ఆయన శిష్యుడు డీకే కలిసి, మనిషి తనంతట తాను కదిలే ముందు మెదడులో ఏం జరుగుతుందో చూడాలనుకున్నారు. తలకు తీగలు తగిలించి, ఎప్పుడు బుద్ధి పుడితే అప్పుడు వేలు ఆడించమన్నారు. మెదడు కరెంటును టేపు మీద ఎక్కించి, వేలు కదిలిన చోటి నుంచి వెనక్కి తిప్పి చూశారు. సుమారు సెకను ముందే అల లేస్తోంది.

1983లో అమెరికాలో లిబెట్ అనే శాస్త్రవేత్త ఇదే ప్రయోగం గడియారం పెట్టి మరీ చూశాడు. కదిలించాలని మనిషికి అనిపించేది కదలికకు 0.2 సెకను ముందు. అల మాత్రం 0.55 సెకను ముందే! అనిపించేసరికే పని మొదలైపోయిందన్నమాట. 'బుద్ధి కర్మానుసారిణి' అని చంకలు గుద్దుకోకు. ఆ అల నిర్ణయం కాదు, మెదడులో ఊరికే ఉండే అలజడి పోగై గీత దాటడమేనని 2012లో షర్గర్ అనే పరిశోధకుడి బృందం వాదించింది. నాకు అదే సబబుగా ఉంది. అయినా వేలు ఆడించడం, ఇల్లు వదలడం ఒకటేనా?

కాకపోతే నా టేపు కూడా వెనక్కి తిప్పి చూసుకున్నాను. ఆగస్టులో కరివేపాకు మొక్క కొన్నాను నాన్నా, 19 యూరోలు పోసి. ఈ చలిలో కోతకు రావడానికి రెండేళ్లు పడుతుందని కొట్టతను ముందే చెప్పాడు. విన్నాకే కొన్నాను. అదే వారం నీకు ఫోన్లో 'ఇంకా ఏమీ అనుకోలేదు' అన్నాను. అబద్ధం కాదు, నిజంగానే అనుకోలేదు.

చివరి క్షణంలో చెయ్యి ఆపుకునే వీలు మాత్రం మనిషికి ఉందని లిబెట్ నమ్మాడు. శుక్రవారం పెన్ను పట్టుకుని నేనూ ఒక్క క్షణం ఆగాను. అంతే, పెట్టేశాను.

మొక్క హీటర్ పక్కన కిటికీలో ఉంది. నాలుగు రెమ్మలు వేసింది, ఇంకా కోయలేదు. సంక్రాంతికి వస్తున్నాను. అది కూడా రాసిపెట్టి ఉందనకు, టికెట్ కోసం మూడు రాత్రులు వెతికాను.

నీ చిన్నమ్మాయి