మెట్ల పక్కన టీ గది

కందుకూరు,
ఆదివారం.

చి. బుజ్జమ్మకు నాన్న ఆశీస్సులు.

ఇక్కడ అందరం క్షేమం. అమ్మ మోకాలు నొప్పి అలాగే ఉంది, చెబితే వినదు. మోటారు కాలిపోతే వైండింగ్ చేయించాం. పద్మక్క వాళ్ల గేదె ఈనింది, జున్ను పంపారు. నిన్న శేషయ్య మామ కొడుకు మాటల్లో మాటగా, నువ్వు మెస్సుకు రావడం తగ్గించావనీ, గదిలోనే ఏదో తిని పడుకుంటున్నావనీ అన్నాడు. వాడి మాటలు నేను పట్టించుకోనని నీకు తెలుసు. ఊరికే రాస్తున్నా.

నిన్ను అహ్మదాబాద్‌లో దించి వచ్చినప్పటి నుంచీ ఆ ఐఐఎం కట్టడాలే కళ్లలో ఉన్నాయి. తాపీ పట్టినవాడి చూపు వేరు కదా. కమాను కింద అడ్డంగా కాంక్రీటు దూలం వేసి, రెండు కొసలూ బయటికి తన్నకుండా ఎంత చక్కగా బిగించారు! పూత లేదు, రంగు లేదు, ఇటుక ఇటుకలాగే కనిపిస్తుంది. నీ హాస్టలు సంగతి చూడు. పదేసి గదులకు మెట్లు, పక్కన టీ గది. పొడుగాటి వరండా వేసి తలుపులన్నీ వరసగా పెడితే ఎవరి తలుపు వాళ్లు వేసుకుంటారని, ఆ కట్టడాల ప్లాను గీసిన అమెరికా ఆర్కిటెక్ట్ లూయీ కాన్ కావాలనే వరండా మానేశాడు. మెట్లు ఎక్కేవాడు దిగేవాడు ఒకరికొకరు తగలాలి, కాసేపు కూర్చోవాలి, చదువుకున్నది మాట్లాడుకోవాలి. క్లాసుల వైపు నడవాలు అంత వెడల్పుగా ఉన్నదీ అందుకే. అంత ఆలోచించి కట్టిన చోట తలుపేసుకుని కూర్చుంటే ఎట్లా? నిన్ను అనడం లేదు. మాటవరసకి.

ఒంగోలు అవతల నేను కట్టిన కాలేజీ గుర్తుందా, పేరెందుకులే. ప్లానులో మెట్లు ఒక్కటే ఉన్నాయి. పునాదులు లేచాక కరస్పాండెంట్ గారు వచ్చి, ఆడపిల్లలకు వేరే మెట్లు కావాలన్నారు. ఎక్కడ పెట్టమంటారంటే వెనక, స్టోర్ రూమ్ పక్కన అన్నారు. ఆయన గదికి, ముందు మెట్లకు చీమకుర్తి గెలాక్సీ గ్రానైటు. వెనక మెట్లకు మిగిలిపోయిన నాపరాళ్లు. ఆడపిల్లల హాస్టలుకు రోడ్డు వైపు కిటికీలు వద్దన్నారు, మనిషి ఎత్తుకు పైన వెంటిలేటర్లు చాలట. ప్రహరీ మీద గాజు పెంకులు. అటెండర్ కూర్చోడానికి చోటేదండీ అని అడిగితే, మెట్ల కింద ఉందిగా అన్నారు! ఆ ఏడాది వాయుగుండానికి వెనక వైపు మోకాలి లోతు నీళ్లు నిలిచాయి. ఆడపిల్లలు చెప్పులు చేత పట్టుకుని ముందు మెట్ల మీదే ఎక్కారు, నీళ్లు తీసిందాకా అలాగే ఎక్కారు. ఏం కాలేదు. మగపిల్లలు పక్కకు జరిగి దారిచ్చారు, అంతే. నీళ్లు తీయగానే ఆయన నన్ను పిలిపించి, వెనక దారి రెండడుగులు లేపమన్నారు. లేపాను, కూలి ఇచ్చారు. ఆ గోడలను చూస్తేనే తెలిసిపోతుంది, ఆయన ఎవరిని నమ్మారో, ఎవరిని నమ్మలేదో.

నిన్ను నమ్మి కట్టిన చోట ఉన్నావు తల్లీ. అక్కడ కూడా మనమే గోడ కట్టుకుంటే ఎవరిని అనాలి? సరే, పాఠం చెప్పనని అమ్మకు మాటిచ్చాను.

2020 చివర్లో మీ ఐఐఎం వాళ్లు కాన్ గీసిన పద్దెనిమిది హాస్టళ్లలో పద్నాలుగు పడగొడతామన్నారు కదా. ఇటుకలు దెబ్బతిన్నాయి, నీళ్లు కారుతున్నాయి అన్నారు. దేశదేశాల నుంచి గొడవ చేస్తే 2021 జనవరి ఒకటిన వెనక్కి తగ్గారు. తర్వాత మళ్లీ కదిపారనుకో. కారే కప్పు కింద ఉండడం కష్టమే, వాళ్లనీ తప్పు పట్టలేం. కొత్తవి కట్టినా ఆ టీ గది మాత్రం ఉంచాలి.

ఆ కాన్ గారు 1974లో అహ్మదాబాద్ నుంచి తిరిగి వెళుతూ న్యూయార్క్ రైల్వే స్టేషన్‌లో గుండె ఆగి పోయాడు. అంత పేరున్న మనిషి, ఇంటివాళ్లకు వెంటనే కబురు కూడా అందలేదట. అందుకే అంటాను, రోజూ ఒక్క మెసేజ్ పెట్టు. తిన్నాను అని పెట్టు చాలు.

మంగళవారం కొరియర్ వేస్తున్నాం. ఒంగోలు మైసూర్‌పాక్, కారప్పొడి, అమ్మ చేసిన చెక్కలు. చెక్కలు పదిమందికి సరిపడా ఉన్నాయి, గదిలో డబ్బాలో దాచకు, టీ గదిలో పెట్టి అందర్నీ పిలువు. నెయ్యి సీసా మూతకు టేపు వేశాం, కత్తెరతోనే తియ్యి, పళ్లతో లాగొద్దు.

నాన్న