తిరుపతి క్యారియర్లు ఆపేస్తున్నాం, మెస్సు మాత్రం చిత్తూరులోనే

సార్లకీ, మేడమ్‌లకీ నమస్కారం. పోయిన సోమ, మంగళవారాల్లో తిరుపతి కలెక్టరేట్‌లో ఉన్న మీకు పంపిన భోజనం క్యారియర్లలో సాంబారు పులిసిపోయిన మాట నిజమే. ఒకరిద్దరికి కాదు, 42 క్యారియర్లూ అంతే. "నిన్నటి సాంబారు కలిపి పంపావా అక్కా" అని గ్రూపులో ఒక సారు పెట్టారు. పన్నెండేళ్లు నా చేతి కూడు తిన్న మనిషి! ఉప్పు తక్కువైందంటే పడతాను, రసం నీళ్లలా ఉందంటే పడతాను, పాచి కూడు పెట్టానంటే మాత్రం పడను. అందుకే జరిగింది జరిగినట్టు చెప్తున్నా.

పొద్దున పదింటికి ఇక్కడ ఎక్కించాలి, పూతలపట్టు, పాకాల, చంద్రగిరి మీదుగా 70 కిలోమీటర్లు పోయి పన్నెండున్నరకల్లా తిరుచానూరులో దించాలి. వ్యాను అబ్బాయితో మాట అదీ. నెల అడ్వాన్సు కూడా ముందే ఇచ్చాను. సోమవారం మూడింటికి చేరాయి. ఫోన్ చేస్తే "చంద్రగిరి దగ్గర ట్రాఫిక్ అక్కా" అన్నాడు. మంగళవారం మళ్లీ చంద్రగిరే. నాకు అనుమానమొచ్చి మావాణ్ని బండేసుకొని వెతకమంటే, వ్యాను ఒక పల్ప్ ఫ్యాక్టరీ గేటు ముందు ట్రాక్టర్ల వెనకాల క్యూలో ఉంది. కింద తోతాపురి కాయలు, వాటి మీద మీ క్యారియర్లు! అరగంటలో కాయలు దించేసి పోదామనుకున్నాడంట. మామిడి సీజన్‌లో ఆ గేటు ముందు అరగంటలో పనైన వాణ్ని ఈ జిల్లాలో ఎవరైనా చూశారా? మూత బిగించిన వేడి సాంబారు ఐదు గంటలు ఆ ఎండలో ఉంటే పులవక ఏం చేస్తుంది. గట్టిగా అడిగితే "సీజన్ కదక్కా, నాలుగు డబ్బులు" అన్నాడు. ఇన్నేళ్ల నా పేరు వాడికి ఒక లోడు కిరాయిపాటి చెయ్యలేదు.

అసలు మన సాంబారు వ్యాను ఎక్కే ఖర్మ ఎందుకొచ్చిందో మీకు తెలుసు. 2019 డిసెంబరులో మూడు రాజధానుల మాట వచ్చినప్పుడు మన బల్లల దగ్గర అదే చర్చ. సచివాలయం విశాఖకంట, హైకోర్టు కర్నూలుకంట. పెరుగన్నం కలుపుకుంటూ ఒక పెద్దాయన రాజధానో హైకోర్టో ఒకటి సీమకి రావాలన్న 1937 నాటి శ్రీబాగ్ ఒప్పందం గురించి రోజూ చెప్పేవారు. 2016లో కుటుంబాల్ని హైదరాబాదులో వదిలి వెలగపూడికి వచ్చిన సచివాలయం వాళ్లకి ఐదు రోజుల పని ఇచ్చారని ఇంకొకరు. రాజధాని నుంచి ఉద్యోగాలు పంచుతున్నారు కదా, మన ఊరికీ ఒక ఆఫీసు రాకపోతుందా అని నేనూ ఆశపడి రెండు బల్లలు అదనంగా చేయించా, నవ్వకండి. 2021 నవంబరులో ఆ మూడు రాజధానుల చట్టాన్నే వెనక్కి తీసుకున్నారు. ఆ తర్వాత 2022 ఏప్రిల్ 4న 13 జిల్లాలు 26 అయ్యాయి. 1911లో పుట్టిన మన జిల్లా ముక్కలై, మీలో సగం మంది ఆర్డర్లు పట్టుకొని తిరుచానూరు పద్మావతి నిలయంలో పెట్టిన కొత్త కలెక్టరేట్‌కి పోయారు. భక్తుల కోసం కట్టిన గదుల్లో మీ ఫైళ్లు, ఇక్కడ నా బల్లలు ఖాళీ. తిరుపతి వాళ్లకి జిల్లా ఆఫీసు దగ్గరైంది, అది మంచిదే, కాదనను. కడుపుమంట మాత్రం ఉంది.

ఈ గొడవ తర్వాత "తిరుచానూరులోనే పెట్టు అక్కా" అని చాలామంది ఫోన్ చేశారు. రెండుసార్లు పోయి షాపు చూశా, ఇరవై వేలు అడ్వాన్సు కూడా ఇచ్చా. వారం రోజులు నిద్ర లేదు. మా ఆయన పోదామనే అన్నాడు, ఇప్పటికీ మూతి ముడుచుకొనే ఉన్నాడు. కానీ సోమవారం అర్జీలు పట్టుకొని పల్లెల నుంచి వచ్చేవాళ్లు, కోర్టు గుమాస్తాలు, పెన్షన్ పెద్దాయనలు ఇంకా ఇక్కడే తింటున్నారు. రేపు ఆఫీసుల్ని ఇంకో చోటికి మారిస్తే నేను మళ్లీ పొయ్యి నెత్తిన పెట్టుకొని తిరగాలా? మొండితనం అనుకున్నా సరే. అడ్వాన్సులో ఐదు వేలు పోగొట్టుకొని మిగతాది వెనక్కి తెచ్చుకున్నా.

కాబట్టి తిరుపతి క్యారియర్లు బంద్. ఆ రెండు రోజుల డబ్బులు, మిగిలిన కూపన్ల డబ్బులు శనివారంలోగా మీ ఫోన్లకి వేస్తాను. ఆదివారం సాయంత్రం చిత్తూరు నుంచి తిరిగి పోయేవాళ్లు ముందు రోజు చెప్తే ఊరుబిండి పచ్చడి, కందిపొడి, నిమ్మకాయ ఊరగాయ కట్టి పెడతాను. ఇక్కడ భోజనం దసరా దాకా 90 రూపాయలే, బుధ, శుక్రవారాలు సంగటి మామూలే.

ఇంకో సంగతి. 42లో 31 క్యారియర్లే తిరిగొచ్చాయి. మిగతా పదకొండూ మీ బల్లల కిందే ఉంటాయి, వచ్చేటప్పుడు పట్టుకురండి. కడక్కపోయినా పర్లేదు.