201వ యూనిట్ ఖరీదు: ఇంధన శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

తెలంగాణ రాష్ట్ర ఇంధన శాఖ మంత్రి గారికి,

నమస్కారం. హనుమకొండలో ముప్పై ఏళ్లకు పైగా లెక్కలు చెప్పి రిటైరైన సార్‌ను. నేను బడి వదిలినా లెక్కలు నన్ను వదలలేదు. మా వీధిలో ఎవరికి కరెంటు బిల్లు వచ్చినా ముందు నా దగ్గరికే తెస్తారు. ఆ కాగితం మీద అక్షరాలు కొన్ని నెలలకే వెలిసిపోతాయి కాబట్టి అంకెలన్నీ ఒక నోటు పుస్తకంలో ఎక్కించుకుంటాను. ఆ పుస్తకం ముందు పెట్టుకునే, బిల్లులోని 200 యూనిట్ల మెట్టు గురించీ ఇళ్లలోని పాత ఫ్యాన్ల గురించీ ఈ ఉత్తరం రాస్తున్నాను.

పోయిన మే నెలలో ఒక రాత్రి మా పక్కింటావిడ ఫోను లైటు వేసుకుని మెట్ల కింద మీటరు ముందు నిలబడి ఉంది. మీటరు తెర మీద తేదీ, సమయం, వోల్టేజి ఒకదాని వెనక ఒకటి తిరుగుతుంటాయి. మనకు కావలసిన అంకె వచ్చేలోపు దోమలు కాళ్లు పట్టుకుంటాయి. "సార్, ఎల్లుండి రీడింగుకు వస్తారు. ఇప్పటికే నూట తొంభై నాలుగు అయింది, ఎట్లా?" అని అడిగింది. నెలకు 200 యూనిట్లు దాటకపోతే బిల్లు ప్రభుత్వమే కట్టే గృహజ్యోతి పథకం కింద వాళ్లది జీరో బిల్లు వచ్చే ఇల్లు. ఎండాకాలం రోజుకు ఏడు యూనిట్లు కాలుతుంది. ఆ రెండు రోజులూ కూలరు ఆపేశారు, ఫ్రిజ్ ప్లగ్గు తీసేశారు, పిల్లలను తీసుకుని మేడ మీద పడుకున్నారు. దోసెల పిండి పులిసి గిన్నె దాటి పొంగింది. రీడింగు 199 వచ్చింది. పదో తరగతి ఫలితాల రోజున గట్టెక్కిన పిల్లల ముఖాల్లో కనిపించే వెలుగు ఆవిడ ముఖంలో చూశాను.

ఆవిడ భయం ఎంత న్యాయమైనదో లెక్క వేస్తే తెలుస్తుంది. 200 యూనిట్లు కాలిస్తే ఆ ఇల్లు కట్టేది సున్నా. 201 అయిందా, 2022 ఏప్రిల్ నుంచి అమలైన రేట్ల ప్రకారం మొదటి 200 యూనిట్లకు 5.10 చొప్పున 1,020 రూపాయలు, పైన ఒక్కదానికి 7.70. కలిపితే 1,027 రూపాయల 70 పైసలు. ఫిక్స్‌డ్ చార్జీలూ, కస్టమర్ చార్జీలూ వేరే. ఒక్క యూనిట్‌కు వెయ్యి రూపాయలు దాటిన ధర!

జీరో బిల్లు లేని ఇళ్లకూ ఈ మెట్టు తప్పదు. 200 దగ్గర ఆగితే మొదటి వందకు 3.40, రెండో వందకు 4.80 లెక్కన 820 రూపాయలు. ఒక్కటి దాటితే అదే 1,027.70. నూరు దగ్గరా ఇదే తంతు: 100కు 252.50, 101కి 344.80. పొరుగున ఆంధ్రప్రదేశ్‌లో 2022లో, మొత్తం వాడకాన్ని బట్టి మొదటి యూనిట్ నుంచీ రేటు మార్చే ఇలాంటి గ్రూపులు ఎత్తేసి ఆరు శ్లాబులు (యూనిట్ల మెట్లు) పెట్టారు. దాటిన యూనిట్లకే పై రేటు పడుతుంది. ఆ సందట్లో కింది శ్లాబుల రేట్లు పెంచారు, ఆ భాగం మాత్రం మీరు అనుసరించవద్దు.

ఈ భయమే జనానికి పొదుపు నేర్పుతోంది కదా అని మీ అధికారులు అనవచ్చు. నా పుస్తకంలోని అంకెలు అలా చెప్పడం లేదు. 150తో సరిపెట్టుకున్న ఇంటికీ సున్నా, 199 కాల్చిన ఇంటికీ సున్నా. కాబట్టి నెలలో మొదటి ఇరవై ఐదు రోజులు ఎవరికీ మీటరు గుర్తుండదు. చివరి నాలుగు రోజులు మాత్రం యుద్ధం. ఇరవయ్యో తారీఖుకే 200 దాటిన ఇంట్లో అయితే అదీ ఉండదు, "ఎట్లాగూ దాటింది" అని అన్నీ వేసుకుంటారు. ఇంకొందరు మేడ మీది గదికి రెండో మీటరు పెట్టించుకుని యూనిట్లను రెండుగా పంచుకుంటారు. అలా పంచుకుంటే కాలే కరెంటు ఒక్క యూనిట్ కూడా తగ్గదు.

రేట్లు పెట్టేది విద్యుత్ నియంత్రణ మండలి కదా అంటారేమో. నిజమే. కానీ ప్రజా ప్రయోజనం ఉన్న విధాన విషయాల్లో మండలికి ప్రభుత్వం మార్గదర్శనం చేయవచ్చని 2003 విద్యుత్ చట్టం 108వ సెక్షన్ చెబుతోంది. పైగా గృహజ్యోతి పూర్తిగా మీ పథకం. 200 దాటిన ఇంటి దగ్గర దాటిన యూనిట్ల డబ్బే వసూలు చేయడానికి మండలి వైపు చూడనక్కరలేదు. మిగిల్చిన వాళ్లకు ఎంతో కొంత ముట్టజెప్పడం కూడా కొత్త సంగతి కాదు. పంజాబ్‌లో 2018లో బోర్లకు ఉచిత కరెంటు వాడే రైతులకు మిగిల్చిన ప్రతి యూనిట్‌కు 4 రూపాయలు ఇచ్చే పథకం పెట్టారు. దాని పేరు "పానీ బచావో, పైసా కమావో", అంటే నీళ్లు మిగిల్చు, డబ్బు సంపాదించు. మేము బోరుబావుల వాళ్లం కాకపోయినా పైసలు కమాయించడం మాకూ ఇష్టమే.

ఇప్పుడు ఫ్యాన్ల సంగతి. ఈ ఉత్తరం రాయడానికి అసలు కారణం అదే.

మా వీధిలో ఇల్లిల్లూ తిరిగి ఏ వస్తువు ఎన్ని గంటలు నడుస్తుందో రాసుకున్నాను. ఏసీ ఉన్న ఇళ్లు తక్కువ. గీజరు చలికాలంలో పావుగంట, అంటే రోజుకు అర యూనిట్. మోటారు వేసి మరిచిపోయి ట్యాంకు కారబెట్టే ఇళ్లు రెండున్నాయి, వాళ్లకు చెప్పి చూశాను. అందరి ఇళ్లలోనూ పగలూ రాత్రీ తిరిగేది ఫ్యాను. పాత ఫ్యాను 75 వాట్లు తాగుతుంది. రోజుకు పదహారు గంటలు తిరిగితే నెలకు 36 యూనిట్లు. అంతే గాలి ఇచ్చే, కొత్త రకం మోటారున్న బీఎల్‌డీసీ ఫ్యాను 30 వాట్లతో తిరుగుతుంది, నెలకు 14 యూనిట్లు చాలు. రెండు ఫ్యాన్లు మారిస్తే 43 యూనిట్లు మిగులుతాయి. మా పక్కింటావిడ 210 నుంచి 167కు దిగుతుంది. ఫ్రిజ్ ప్లగ్గు తీయనక్కరలేదు, పిండి పులవదు.

మా వీధిలో కొన్ని ఇళ్లలో గోడ మీద ఇంకా పెద్ద డబ్బా రెగ్యులేటర్లే ఉన్నాయి. ఫ్యాను రెండులో పెట్టి పది నిమిషాలాగి ఆ డబ్బా మీద చేయి వేయండి. వెచ్చగా తగులుతుంది. మనకు తగలని గాలికి కడుతున్న డబ్బు అది. ఫ్యాను తగ్గించాం కాబట్టి కరెంటూ అంతే తగ్గిందని ఇంట్లో వాళ్లు నమ్ముతారు.

మరి ఎందుకు మార్చరు? కొత్త ఫ్యాను రెండున్నర, మూడు వేలు. అదొక్కటే కాదు. మా వీధిలో సగం మంది అద్దెకున్నవాళ్లు. ఫ్యాను ఇంటి యజమానిది, బిల్లు అద్దెకున్నవాళ్లది. యజమానికి మార్చాలని ఉండదు, అద్దెకున్నవాళ్లు వేరేవాళ్ల కొక్కేనికి డబ్బు పెట్టరు. ఇక జీరో బిల్లు వచ్చే ఇంట్లో బిల్లు ఈ ఇద్దరిదీ కాదు, మీది. ఆ ఫ్యాను మారితే లాభపడేది రాష్ట్ర ఖజానా ఒక్కటే. 200 దరిదాపుల్లో ఉన్న ఇంట్లో 43 యూనిట్లు తగ్గితే, యూనిట్ 4.80 లెక్కన నెలకు 206 రూపాయలు మీకు మిగులుతాయి. చలికాలం తీసేసి ఎనిమిది నెలలే లెక్కపెట్టినా ఏడాదికి దాదాపు 1,650. దుకాణం ధరకు కొన్నా రెండు ఫ్యాన్ల ఖరీదు మూడున్నరేళ్లలో తిరిగి వస్తుంది. టోకున కొంటే ఇంకా ముందే.

టోకున కొంటే ధర ఎలా పడిపోతుందో ఎల్‌ఈడీ బల్బుల విషయంలో చూశాం. 2014 మొదట్లో సర్కారు కొనుగోలులో 310 రూపాయలున్న బల్బు 2016 నాటికి 38కి దిగింది. ఉజాలా పథకం కింద దేశమంతటా 36 కోట్లకు పైగా బల్బులు పంచారు. ఆ బల్బులు పంచిన కేంద్ర ప్రభుత్వ రంగ సంస్థ, ఈఈఎస్‌ఎల్, 2023లో కోటి ఫ్యాన్ల లక్ష్యంతో మరో పథకం మొదలుపెట్టింది. మా వీధి దాకా అది రాలేదు. జీరో బిల్లు ఇళ్లకు ఉచితంగా, మిగతా వాళ్లకు నెలకు వంద రూపాయల వాయిదా బిల్లులోనే కలిపి రెండేసి ఫ్యాన్లు ఇప్పించండి. పాత ఫ్యాను తప్పకుండా వెనక్కి తీసుకోండి, లేకపోతే అది వెనక గదిలో తిరుగుతుంది.

కొత్త ఫ్యాన్లలో లోపాలు లేవని నేను అనను. మా ఇంట్లో మూడు మార్చాను. రిమోట్ మనవడు ఎక్కడ పెడితే అక్కడే. ఒక రాత్రి అది దొరక్క మా ఆవిడ విసనకర్ర పట్టుకుంది. వోల్టేజి ఎగుడుదిగుడై ఒకదాని బోర్డు కాలిపోయింది. మా కూడలిలో ముప్పై ఏళ్లుగా ఫ్యాన్ల కాయిళ్లు చుట్టే మెకానిక్ దాన్ని విప్పి చూసి, "కాయిల్ అయితే నేను చుట్టిస్తా సార్, బోర్డుకు కంపెనీకే పోవాలి" అన్నాడు. కాబట్టి ఫ్యాన్లు కొనేటప్పుడు ఐదేళ్ల గ్యారంటీ రాయించండి. ప్రతి మండలంలో నలుగురు మెకానిక్‌లకు ఆ బోర్డు బాగుచేయడం నేర్పించి, విడిభాగాలు వాళ్లకే అందేలా చూడండి. లేకపోతే రెండేళ్లకు జనం మళ్లీ 75 వాట్ల ఫ్యానే తగిలించుకుంటారు.

బిల్లు కాగితం గురించి ఒక్క మాట. రీడింగు రెండు రోజులు ఆలస్యమైతే శ్లాబు మారిపోతుందన్న అనుమానం ప్రతి ఇంట్లో ఉంది. రోజులను బట్టి సర్దుతామని సిబ్బంది అంటారు. ఎన్ని రోజులకు, రోజుకు ఎన్ని యూనిట్ల చొప్పున లెక్క కట్టారో పెద్ద అక్షరాల్లో తెలుగులో అచ్చువేస్తే ఈ తగాదా తీరుతుంది, నా దగ్గరికి వచ్చేవాళ్లూ తగ్గుతారు.

ఇంటి పైకప్పు సోలార్ మీద మీరు ఉత్సాహంగా ఉన్నారు, మంచిదే. అయితే కప్పు సొంతం కాని వాళ్లకు అది అక్కరకు రాదు. ఫ్యాను అందరి నెత్తి మీదా ఉంది.

నా నోటు పుస్తకం కావాలంటే నకలు తీయించి పంపుతాను. పక్కింట్లో రీడింగుకు ఇంకా ఐదు రోజులుంది. నిన్న రాత్రి చూస్తే 171 ఉంది.

ఇట్లు,
ఒక రిటైర్డ్ లెక్కల సార్,
హనుమకొండ