వార్డు లెక్క చదవడం హెడ్ నర్సుకు నేర్పండి

సంపాదకులకు నమస్కారం.

ప్రభుత్వ ఆస్పత్రుల్లో ఇక అంతా ఆన్‌లైనే, కాగితంతో పనిలేదు అని ఈమధ్య తరచూ వార్తలు వస్తున్నాయి. ఓ బోధనాసుపత్రి మేల్ మెడికల్ వార్డులో హెడ్ నర్సుగా ఉన్న నాకు ఆ మాట చదివితే నవ్వొస్తుంది. మా దగ్గర కాగితం ఎక్కడికీ పోలేదు, దాని పక్కన కంప్యూటర్ వచ్చి చేరిందంతే. ఒకే బీపీని కేస్ షీట్‌లో ఒకసారి, రిజిస్టర్‌లో ఒకసారి, స్క్రీన్ మీద ఇంకోసారి ఎక్కిస్తున్నాం. కొత్త పద్ధతి కుదురుకునేదాకా ఈ తిప్పలు తప్పవనుకుని సర్దుకుపోతున్నాం. ఈ ఉత్తరం రాయడానికి కారణం వేరే ఉంది.

ట్రైనింగ్ ఇవ్వలేదని అనను, ఇచ్చారు. ఒక పూట మమ్మల్నందరినీ హాల్లో కూర్చోబెట్టి, కంపెనీ తరఫున వచ్చిన కుర్రాడు ప్రొజెక్టర్ మీద ఇక్కడ నొక్కండి, అక్కడ నొక్కండి అని గబగబా చూపించేశాడు. పాపం, వార్డు మొహం చూడని పిల్లాడు, అతన్నని ఏం లాభం? నైట్ డ్యూటీ దిగి నేరుగా వచ్చిన సిస్టర్లు వెనక వరుసల్లో కునికిపాట్లు పడుతున్నారు. టీ, బిస్కెట్లు, సంతకాలు, గ్రూప్ ఫొటో. ఆ రోజుతో మేమంతా శిక్షణ పొందినవాళ్ల జాబితాలో చేరిపోయాం.

'పెద్ద సిస్టర్లకు కంప్యూటర్ రాదు' అని ఆఫీసులో అంటుంటారు. ఫోన్‌పేలో చీటీ డబ్బులు కట్టుకుంటాం, దూరాన ఉన్న పిల్లలతో రోజూ వీడియో కాల్ మాట్లాడతాం, నాలుగు బటన్లు నొక్కడం రాదా! రానిది ఒకటుంది. స్క్రీన్ మీద కనిపించే అంకెను నిలదీయడం. అది మాకెవరూ నేర్పలేదు.

బెడ్‌సోర్ల సంగతే తీసుకోండి, అదే, కదల్లేక మంచం పట్టిన పేషెంట్లకు పడే పుండ్లు. పోయిన నెల వార్డులో నాలుగు, ఈ నెల ఆరు అని రివ్యూ మీటింగ్‌లో ఎర్ర రంగులో చూపిస్తే హెడ్ నర్సు లేచి నిలబడి సంజాయిషీ చెప్పుకోవాలి. పోయిన నెల రోజుకు 30 మంది పేషెంట్లు ఉన్నారనుకుందాం. రోజూ వార్డులో ఉన్నవాళ్ల సంఖ్యను (సెన్సస్) నెలంతా కూడితే 900. జ్వరాల సీజన్ మొదలై ఈ నెల రోజుకు 50 మంది అయ్యారు, అంటే 1,500. ఆ మొత్తంలో వెయ్యికి ఎన్ని పుండ్లు అని లెక్క వేస్తే పోయిన నెల 4.4, ఈ నెల 4. ఇంత తక్కువ కేసులతో మెరుగుపడ్డామని చెప్పుకోలేం, నిజమే. కానీ దిగజారామని ఎలా అంటారు? హైస్కూలు పిల్లలు చేసే భాగహారం ఇది. ఇది తెలిసిన హెడ్ నర్సు తల వంచుకుని కూర్చోదు. 'బోధనాసుపత్రి జనరల్ వార్డులో ముగ్గురు పేషెంట్లకు ఒక నర్సు ఉండాలని నర్సింగ్ కౌన్సిల్ చెబుతోంది కదా సార్, ఈ 50 మందికి నైట్‌లో ఎందరం ఉన్నామో కూడా ఆ పక్కనే చూపించండి' అని అడుగుతుంది. ఇలా అడిగేవాళ్లు తయారవుతారనే మాకు నేర్పడం లేదేమో అని ఒక్కోసారి అనుమానం వస్తుంది.

ఇంకోటి, టైమ్. పొద్దున ఆరింటి యాంటీబయాటిక్ ఆరింటికే ఇస్తాం. వార్డు మొత్తానికి ఉన్నది ఒకే సిస్టమ్. దాని ముందు హౌస్ సర్జన్ ల్యాబ్ రిపోర్టులు చూసుకుంటుంటాడు, ఆయన లేస్తే డిశ్చార్జీలు ఎక్కించేవాళ్లు కూర్చుంటారు. మా వంతు వచ్చేసరికి ఎనిమిది దాటుతుంది. మందు ఇచ్చిన టైమ్ వేయడానికి స్క్రీన్ మీద విడిగా గడి లేదు, ఎంటర్ చేసిన టైమే దానంతట అదే పడిపోతుంది. కాగితం మీద 6, కంప్యూటర్‌లో 8.10. రేపు కేసు కోర్టుకెక్కితే దేన్ని నమ్ముతారు?

లాగిన్ల కథ ఇంకా అన్యాయం. పొద్దున ఎవరి లాగిన్‌తో ఓపెన్ చేస్తే ఆ పేరు మీదే రాత్రిదాకా నడిచిపోతుంది. ప్రసూతి సెలవులో ఇంట్లో ఉన్న అమ్మాయి పేరు మీద ఇంజెక్షన్లు ఇచ్చినట్టు ఎంట్రీలు పడి ఉండటం నేను కళ్లారా చూశాను. 2023లో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం చేశారు. పేషెంటు వివరాలు ఎవరి చేతిలో ఉండాలి, బయటికి పొక్కితే ఏమవుతుంది అన్నది వార్డు ఇన్‌ఛార్జికి తెలిసి తీరాలి. ఆ చట్టం పేరు మా మీటింగుల్లో నేనింతవరకు వినలేదు.

విచిత్రమేమిటంటే, మా దగ్గరికి పోస్టింగ్‌కు వచ్చే బీఎస్సీ నర్సింగ్ పిల్లలు ఇవన్నీ క్లాసులో చదువుకుంటున్నారు. 2021లో ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ సిలబస్ మార్చి, రెండో సెమిస్టర్‌లో హెల్త్ ఇన్ఫర్మాటిక్స్, అంటే ఆరోగ్య సమాచారాన్ని కంప్యూటర్‌లో వాడుకునే సబ్జెక్టు, పెట్టింది. 40 గంటలు క్లాసు, 40 గంటలు ల్యాబ్. మంచి పని చేశారు. కానీ ఆ పిల్లలు ఉద్యోగంలో చేరి, సీనియారిటీ వచ్చి, వార్డు ఇన్‌ఛార్జి అయ్యేదాకా ఆస్పత్రులు ఆగుతాయా? ఇవాళ రోస్టర్ వేసేది, మందులు, సామాన్ల కోసం ఇండెంటు పెట్టేది, మీటింగ్‌లో మాట పడేది నర్సింగ్ డిప్లొమా చదివిన మా తరం జీఎన్ఎంలు. లెక్కలు మన వృత్తికి కొత్తేమీ కాదు. క్రిమియా యుద్ధంలో సైనికులు గాయాలకంటే రోగాలతోనే ఎక్కువమంది చనిపోయారని 1858లో రంగుల పటాలు గీసి చూపించింది ఆధునిక నర్సింగ్‌కు పునాది వేసిన ఫ్లోరెన్స్ నైటింగేలే. ఏటా ఆమె పుట్టినరోజు మే 12న కొవ్వొత్తులు వెలిగిస్తాం, కేకు కోస్తాం, ఆ పటాల ఊసు ఎవరూ ఎత్తరు.

మళ్లీ హాలు, ప్రొజెక్టర్ వద్దు. వారానికి ఒక గంట, డ్యూటీ టైమ్‌లోనే, తెలుగులో చెప్పండి. పేషెంట్ల పేర్లు తీసేసి మా వార్డు రిపోర్టునే ముందు పెట్టి చెప్పండి, అప్పుడే ఎక్కుతుంది. చెప్పేవాళ్లకు కొదవ లేదు. నర్సింగ్ కాలేజీల్లో ఈ సబ్జెక్టు చెబుతున్న మేడమ్‌లు ఉన్నారు. హెడ్ నర్సు ప్రమోషన్ ఇచ్చే ముందే ఇది పూర్తిచేయించాలి, ఇప్పటికే ఉన్నవాళ్లకు విడతలవారీగా ఇవ్వాలి. ఎవరి లాగిన్ వాళ్లకు ఇవ్వడానికి, టైమ్ గడి పెట్టడానికి మాత్రం ఏ ట్రైనింగూ అక్కర్లేదు, రేపే చేయొచ్చు. సాఫ్ట్‌వేర్ ఎలా ఉండాలో నిర్ణయించే చోట డాక్టర్లు, ఆఫీసువాళ్లు, కంపెనీవాళ్లు కూర్చుంటున్నారు. వచ్చే టెండరుకైనా నర్సింగ్ సూపరింటెండెంటును, వార్డులో పనిచేస్తున్న ఇద్దరు హెడ్ నర్సులను ఆ కమిటీలో వేయాలని వైద్య విద్య అధికారులను కోరుతున్నాను.

ఉద్యోగంలో ఉన్నందున నా పేరు వేయవద్దని మనవి.

- ఒక హెడ్ నర్సు, కోస్తా ఆంధ్ర