కొమ్ము పిడికి వేడినీళ్లు పనికిరావు

సంపాదకులకు,

పాత ఇంటి వస్తువులను శుభ్రపరచడంపై మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం, కొమ్ము పిడి గల మంగలికత్తిని సబ్బు కలిపిన వేడినీళ్లలో నానబెట్టి ఎండలో ఆరబెట్టమని సూచించింది. ఇత్తడి చెంబుకు సరిపోయే ఈ సలహా కొమ్ముకు చేటు చేస్తుంది కనుక ఈ లేఖ రాస్తున్నాను.

మన గోళ్లు, వెంట్రుకల మాదిరిగానే కొమ్ము కూడా కెరటిన్ అనే మాంసకృత్తుతో, పొరలు పొరలుగా ఏర్పడుతుంది. సహజంగా వంపు తిరిగి ఉండే కొమ్మును వేడిచేసి, మెత్తబడ్డాక గట్టిగా నొక్కితేనే పిడికి కావలసిన చదునైన పలకలు వస్తాయి. ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో 19వ శతాబ్దంలో తయారైన కత్తుల కొమ్ము పిడులు ఇటువంటివే. అలా చదును చేసిన పలకకు మళ్లీ వేడీ తడీ తగిలితే అది పాత వంపు వైపే తిరగబోతుంది. పిడి ఏ కాస్త మెలి తిరిగినా, మడిచేటప్పుడు కత్తి వాదర పలకకు రాసుకుని పదును పోతుంది. ఇక ఎండలో పెడితే పొరలు విడి, బీటలు వారతాయి.

జిడ్డు వదలడానికి బాగా పిండిన తడిగుడ్డతో తుడిచి, వెంటనే పొడిగుడ్డతో ఒత్తితే చాలు. సన్నని బీటలకు పల్చటి సూపర్ గ్లూ పట్టించడం, గరుకును 600 నుంచి 2000 నంబరు వరకు సన్నని గరుకు కాగితమైన వాటర్ పేపర్‌తో నెమ్మదిగా తీయడం నూనె రాయకముందే పూర్తి కావాలి. నూనె తాగిన కొమ్ముకు జిగురు సరిగా అంటదు. కాలిన వెంట్రుకల వాసన వస్తే రుద్దుడు మితిమీరిందని అర్థం.

నూనె విషయానికి వస్తే, పాశ్చాత్య దేశాలవారు పశువుల కాళ్ల నుంచి తీసే నీట్స్‌ఫుట్ నూనెను ఇష్టపడతారు. నా మటుకు మందుల దుకాణంలో దొరికే లిక్విడ్ పారఫినే మేలు, ఎంతకాలమైనా అది కంపు కొట్టదు. పల్చగా రాసి, ఒక రోజు ఉంచి తుడిచి, కొమ్ము ఇక పీల్చుకోదనిపించే దాకా మళ్లీ రాయాలి. అవిసె నూనె ఆరి జిగటగా మారుతుంది కనుక వద్దు.

అయితే కొమ్ములా కనిపించే ప్రతి పిడీ కొమ్ము కాదు. బొటనవేలితో గట్టిగా రుద్దినప్పుడు కర్పూరం వాసన వస్తే అది సెల్యులాయిడ్ అనే పాతకాలపు ప్లాస్టిక్ అనుకోవాలి. కాల్చిన సూదితో పరీక్షించడం ప్రమాదకరం, సెల్యులాయిడ్ ఇట్టే అంటుకుంటుంది. అది చివికేటప్పుడు వెలువడే ఆమ్లపు ఆవిర్లు పక్కనున్న కత్తులకు కూడా తుప్పు పట్టిస్తాయి కాబట్టి అటువంటి కత్తిని విడిగా, గాలి ఆడేచోట ఉంచాలి.

ఈ సవరణను అదే అనుబంధంలో ప్రచురించవలసిందిగా కోరుతున్నాను.

– ఒక పాఠకుడు, తెనాలి