నాన్నకు, వాకిట్లో పెట్టబోయే చెట్టు గురించి

టార్నీట్, మెల్‌బోర్న్
మే 4, ఆదివారం

నాన్నా,

ఇక్కడ అందరం కులాసా. అమ్మ మోకాలి నొప్పి తగ్గి మళ్లీ నర్సరీకి నడిచి వస్తోందని తమ్ముడు చెప్పాడు, మనసు తేలికపడింది.

మొన్న ఫోన్లో "ముందర ఏం చెట్టు పెడుతున్నావే" అని అడిగితే మాట దాటేశాను. సంపెంగ కాదని చెప్పడానికి నోరు రాలేదు. చెబితే "సరేలే, నీ ఇష్టం" అనేస్తావు. ఆ మాట నాకు వద్దు. ఏం చూసి, ఏం లెక్కేసి దీనికి వచ్చానో అంతా రాస్తాను. తీరిగ్గా చదివి, తప్పుంటే తప్పని చెప్పు. నలభై ఏళ్లు బుర్రిలంకలో మొక్కలు పెంచినవాడివి, నీ మాట వినకుండా గునపం పట్టుకోవడం నాకు ఇష్టం లేదు.

ముందు స్థలం. ఇల్లు తూర్పు ముఖం. ఈశాన్యం వైపంతా కారు లోపలికి వచ్చే సిమెంటు దారి. మిగిలింది ఆగ్నేయం మూల, నాలుగు మీటర్ల పొడవు, మూడున్నర వెడల్పు. ఈశాన్యంలో చెట్టు బరువు పెట్టొద్దని అత్తయ్యగారు గట్టిగా చెప్పారు, ఆ మాటా చెల్లింది. ఇక్కడ సూర్యుడు మనకు లాగా దక్షిణంగా ఒరగడు, ఉత్తరం వైపుగా నడుస్తాడు. మాకు ఉత్తరాన పక్కవాళ్ల మేడ ఉంది. మూలకు పొద్దున్నే ఎండ పడుతుంది, మధ్యాహ్నం మూడు దాటితే మా ఇంటి నీడే దాన్ని కాస్తుంది. ఇది గుర్తుపెట్టుకో, మళ్లీ చెబుతాను.

ఇక మట్టి. నువ్వు చేత్తో పట్టుకుంటే వెంటనే గుర్తుపడతావు. మన లంకల ఒండ్రు కాదు, రేగడి. మెల్‌బోర్న్ పడమటి వైపంతా, ఇక్కడి నుంచి దాదాపు పక్క రాష్ట్రం సరిహద్దు దాకా, ఒకప్పుడు అగ్నిపర్వతాల లావా పరుచుకున్న మైదానం. దక్కనులో నల్లరేగడి ఎలా పుట్టిందో ఇదీ అలాగే నల్లరాయి అరిగి పుట్టింది. ఆ రాయినే ఇక్కడ బ్లూస్టోన్ అంటారు, పాత వీధుల్లో పరిచింది అదే. రంగు మాత్రం కొంచెం గోధుమ. వేసవిలో వేలు దూరేంత బీటలు, చలికాలం వానకు చెప్పు లాగేసే బంక. ఇల్లు కట్టినవాళ్లు పైపైన పది సెంటీమీటర్ల మంచి మట్టి పోసి, గడ్డి చాపలు పరిచి వెళ్లారు. అడుగున అంతా ఇదే. వాన మనకు ఏడాదికి వెయ్యి మిల్లీమీటర్ల పైచిలుకు కదా, ఇక్కడ అందులో సుమారు సగం.

చెట్టు చిన్నదే ఉండాలన్న పట్టుదల కూడా ఈ మట్టి వల్లే. నీళ్లు తాగితే ఉబ్బి, ఎండితే కుంచించుకుపోయే నేల మీద ఇల్లంతా ఒకే సిమెంటు పలక మీద నిలబడి ఉంటుంది. గోడ దగ్గర పెద్ద చెట్టు పెడితే వేసవిలో అది ఆ వైపు తేమంతా లాగేస్తుంది, నేల ఒక పక్కే కుంగుతుంది, గోడకు పగులు వస్తుంది. చెట్టు ఎంత ఎత్తు పెరుగుతుందో గోడకు కనీసం అంత దూరంలో పెట్టమంటారు. నాకున్న దూరం మూడున్నర మీటర్లు. అంటే మూడు మీటర్ల చెట్టు. సంపెంగ మాట అక్కడే తేలిపోయింది నాన్నా. మన షెడ్డు వెనక తల్లిచెట్టు ఎంత ఎత్తో నీకు తెలుసు, దాన్ని ఏటా నరికి నరికి మూడు మీటర్లలో ఉంచడం నాకు చేతకాదు, చెయ్యాలనీ లేదు.

అయినా ఒకసారి పెట్టి చూశాను, నీకు చెప్పలేదు. రెండేళ్ల కిందట మోకాలెత్తు సంపెంగ తెచ్చి వెనక పెరట్లో నాటాను. వేసవి అంతా కళకళలాడింది. జూలైలో, అంటే ఇక్కడి చలికాలంలో, వరసగా మూడు రాత్రులు మంచు గడ్డకట్టింది, నాలుగో రోజుకి ఆకులన్నీ వేడినీళ్లు పోసినట్టు నల్లబడ్డాయి. గోరుతో బెరడు గీకి చూశాను, నువ్వు నేర్పినట్టే. మొదలు దగ్గర కూడా పచ్చదనం లేదు. ఆ రోజు నీకు ఫోన్ చేసి వంటల గురించే మాట్లాడాను.

గూటీ కట్టి వేరొచ్చిన సంపెంగ కొమ్మ తడిగుడ్డలో చుట్టి తెస్తానన్నావు. దయచేసి ఆ ఆలోచన మానుకో. ఇక్కడి విమానాశ్రయంలో గింజ, వేరు, మట్టి ఏదున్నా చెప్పి తీరాలి, దాచి దొరికితే పెద్ద జరిమానా. వాళ్ల భయంలో న్యాయం ఉంది. 2018లో డార్విన్‌లో నిమ్మ గజ్జి తెగులు బయటపడింది. మనకది మామూలు తెగులు, మందు కొట్టి ఊరుకుంటాం. వీళ్లు ఊరూరా నిమ్మజాతి చెట్లు వెతికి పీకించి, 2021కి పూర్తిగా పోయిందని ప్రకటించారు. మొక్కల మీద బతికే ఇల్లు మనది, ఒక్క కొమ్మతో ఎంత చేటు రాగలదో మనకంటే ఎవరికి తెలుసు.

మీ అల్లుడు మొదట లిటిల్ జెమ్ అనే మాగ్నోలియా అన్నాడు. అదీ సంపెంగ కుటుంబమే. చెయ్యంత తెల్లపువ్వు, నిమ్మచెక్క వాసన, ఆకు అడుగున రాగిరంగు. అందంగా ఉంటుంది, కాదనను. కానీ మా వీధిలో పదిళ్లు లెక్కపెడితే నాలుగింటి ముందు అదే, పైగా పువ్వు దగ్గరికి మొహం తీసుకెళ్తేగాని వాసన తెలియదు. దేవగన్నేరు స్నేహితురాలి ఇంటి ముందుంది. జనవరి సాయంత్రాల్లో మతి పోగొడుతుంది. చలి మొదలయ్యాక ఆరు నెలలు మోడు, చల్లటి తడి రేగట్లో వేరు కుళ్లుతుంది. దాన్ని తొట్టెలో పెట్టి చలికాలం నీళ్లు ఆపేస్తేనే బతుకుతోంది. చిన్నాడు నిమ్మచెట్టు అన్నాడు, అది వెనక ఉంది, కాయలూ కాస్తోంది. ముందర పెట్టడానికి నిమ్మకు ఇక్కడో పీడ ఉంది, కందిరీగ జాతి పురుగు కొమ్మల్లో గుడ్లు పెట్టి కణుపుల్లా బొడిపెలు లేపుతుంది. ఏటా కోస్తూ ఉండాలి. కరివేపాకుకు చుట్టమైన తెల్లపువ్వుల మురయ్యా కూడా చూశాను, అది కంచెకే బాగుంటుందనిపించి వదిలేశాను.

ఇప్పుడు అసలు సంగతి.

పోయిన ఏడాది ఏప్రిల్. ఇక్కడ ఏప్రిల్ అంటే ఆకు రాలే కాలం. చిన్నాణ్ణి బడి దగ్గర దింపి నడిచి వస్తున్నాను. రాత్రి జల్లు పడి ఆగింది, గాలి లేదు. మూడో వీధి మలుపులో ఉన్నట్టుండి వాసన. బాగా మగ్గిన పండు వాసన, దాని వెనక సంపెంగ జాడ. నిలబడిపోయాను. చుట్టూ చూస్తే ఒక్క పువ్వూ కనబడదు. రెండిళ్లు ముందుకు, మూడిళ్లు వెనక్కి తిరిగాను. చివరికి ఒక గోడ పక్కన నా కంటే కాస్త ఎత్తున్న మామూలు చెట్టు. ముదురాకుపచ్చ ఆకులు పైకెత్తి చూస్తే కణుపుల దగ్గర గుత్తులుగా మీగడరంగు పూలు, ఒక్కొక్కటి బియ్యపు నూక కంటే కాస్త పెద్దవి. అంత వాసన వాటిదని నమ్మబుద్ధి కాలేదు.

ఆ ఇంటి పెద్దావిడ చైనా నుంచి వచ్చినావిడ. ఆవిడకు ఇంగ్లీషు కొద్దిగానే వచ్చు, చెట్టును చూపించి "గ్వేహ్వా" అంది. ఇక్కడి నర్సరీల్లో ఓస్మాంథస్ అంటారు, గ్రీకులో వాసన పువ్వు అనే అర్థం. హిమాలయాల నుంచి చైనా మీదుగా జపాన్ దాకా దాని పుట్టిల్లు. చైనాలో గ్వేలిన్ అనే ఊరి పేరుకే గ్వేహ్వా చెట్ల అడవి అని అర్థమట. చెట్టు కింద పాత దుప్పటి పరిచి, కొమ్మలు మెల్లగా ఊపి, రాలిన పూలు ఏరి టీ ఆకులో కలుపుతుంది ఆవిడ. అమ్మ తెల్లవారుజామున పారిజాతం కింద చీరకొంగు పరిచేది చూడు, నాకు అదే కనబడింది. ఇంటికొచ్చి చదివితే ఇంకా ఆశ్చర్యం. మల్లె, పారిజాతం, ఈ గ్వేహ్వా, మూడూ ఒకే కుటుంబం, ఆలివ్ కుటుంబం. సంపెంగ జాడ తగిలింది కూడా నా భ్రమ కాదు, అయొనోన్ అనే పరిమళ పదార్థం రెండింటిలోనూ ఉంటుందట.

వాళ్ల ఊళ్లో శరత్ పున్నమి పండుగ నాటికి ఇది పూస్తుంది. చందమామలో మనకు కుందేలు కనిపిస్తే, వాళ్లకు కుందేలుతో పాటు ఈ చెట్టు కూడా ఉంది. ఒకడు దాన్ని నరుకుతూనే ఉంటాడు, గాటు మానిపోతూనే ఉంటుంది. ఇక్కడ మాత్రం ఆ పండుగ వసంతంలో వస్తుంది, చెట్టేమో ఏప్రిల్‌లో విరగబూస్తుంది. పండుగ నాడు చెట్టు దగ్గర నిలబడితే ఊరు గుర్తొస్తుందా అని అడిగాను. ఆవిడ తలూపి, ఎండబెట్టిన పూలు చిన్న డబ్బాలో పోసి ఇచ్చింది.

అప్పటినుంచి ఏడాది పాటు ఆ చెట్టును చూస్తూనే ఉన్నాను. ఏప్రిల్‌లో ఒక విడత, జూన్‌లో కొద్దిగా, మళ్లీ సెప్టెంబరులో ఒక విడత పూసింది. మంచుకు ఆకు కూడా కమలలేదు. ఒక్కటే దానికి పడదు, వేసవిలో ఉత్తరం నుంచి వచ్చే వడగాలి. మన రోహిణి కార్తె గాలి లాంటిది, ఇంకా పొడి. 2009 ఫిబ్రవరి 7న ఈ ఊళ్లో 46.4 డిగ్రీలు నమోదైంది. పడమటెండ, ఉత్తరపు గాలి తగిలితే ఆకు అంచులు మాడతాయి. అందుకే మూల సంగతి గుర్తుపెట్టుకోమన్నాను. ఉత్తరాన పక్కవాళ్ల మేడ, పడమర మా ఇల్లు, రెండూ దానికి గొడుగు.

"ముందర పెట్టే చెట్టంటే కంటికి ఆనాలి కదా" అన్నాడు మీ అల్లుడు. కంటికి ఇది ఆనదు, నిజమే. కానీ నేను వేరేలా ఆలోచించాను. ఇక్కడ చలికాలం అయిదున్నరకే చీకటి. పని నుంచి వచ్చేసరికి చెట్టు రంగు ఎవరికీ కనబడదు, కిటికీలు మూసే ఉంటాయి, ఆరుబయట కూర్చునే అలవాటూ ఉండదు. కారు దిగి తలుపు తాళం తీసేదాకా అర నిమిషం. వాకిట్లో చెట్టు వాసన ఆ అర నిమిషంలో మనిషికి అందాలి, అదీ ఇంటికి ఆలస్యంగా, అలసిపోయి చేరే చలికాలంలోనే అందాలి. దేవగన్నేరు అప్పుడు మోడు. మాగ్నోలియా పువ్వు వేసవిది. ఇదొక్కటే ఆ పూట పలుకుతుంది. మన ఇంట్లో లోపలికి వచ్చే ప్రతివాడూ "ఏం పూసిందండీ" అంటూనే చెప్పులు విడిచేవాడు. నా వాకిట్లో కూడా ఎవరైనా అలా అడగాలని ఎన్నాళ్లుగానో కోరిక.

మొక్క కొనేశాను, ఇంకా తొట్టెలోనే ఉంది. నువ్వు చెప్పినట్టు పువ్వు చూసి కొనలేదు, తొట్టె ఊడదీయించి వేళ్లు చూశాను. చుట్టలు చుట్టుకోలేదు, కొసలు తెల్లగా ఉన్నాయి. విత్తనం మొక్క కాదు, కొమ్మ నాటి పెంచింది, అందుకే ఇంత చిన్నప్పుడే నాలుగు గుత్తులు వేసింది. 1.2 మీటర్ల ఎత్తు, 90 డాలర్లు. పెరుగుదల నిదానం అని అందరూ చెప్పారు, ఆ గోడకు నిదానమే మంచిది.

గొయ్యి తవ్వి నీళ్లు నింపి చూశాను, సాయంత్రం పోస్తే మర్నాటి పొద్దున్నకూ సగం నిలిచే ఉన్నాయి. గ్లాసుడు వాన నీళ్లలో మట్టిగడ్డ వేసి కదపకుండా ఉంచితే చుట్టూ పాలు కలిపినట్టు తెల్లబడింది. అంటే కారుచౌడు గుణం ఉన్నట్టే కదా, జిప్సం కలుపుతాను. లోతు పెంచకుండా వెడల్పే తవ్వి, గొయ్యి గోడలు గునపంతో గీరి, మట్టి మట్టం కంటే జానెడు ఎత్తుగా కట్ట పోసి దాని మీద నాటాలనుకుంటున్నాను. చలికాలం నీళ్లు వేరు చుట్టూ నిలవకూడదు.

నీ దగ్గర తేలాల్సినవి రెండున్నాయి. ఇది పొదలా అడుగు నుంచే కొమ్మలు వేస్తుంది. నాకు ఒకే మానుగా, కింద నలుగురు పిల్లలు దూరేలా కావాలి. కింది కొమ్మలు ఇప్పుడే తీసెయ్యనా, లేక నువ్వు పొగడ మొక్కలకు చేసినట్టు రెండేళ్లు ఉంచి, మాను లావెక్కాక ఏటా కొన్ని కొయ్యనా? రెండోది, మొదటి ఏడాది పూలు ఉంచనా, గిల్లేయనా?

వచ్చే ఏప్రిల్‌లో మీరిద్దరూ వచ్చేసరికి అది నాటి దాదాపు ఏడాది అవుతుంది. శనివారం దాకా ఆగుతాను. ఈలోపు ఫోన్ చెయ్యి, మాకు సాయంత్రం ఆరు దాటాక, అంటే నువ్వు మధ్యాహ్నం భోజనం చేసి పడుకునే ముందు. తమ్ముణ్ణి ఉత్తరం గట్టిగా చదివి వినిపించమను, కళ్లద్దాలు మార్చుకున్నావో లేదో నాకు తెలియదు.

అమ్మకు, తమ్ముడికి, మరదలికి నా మాటగా చెప్పు.

నీ పెద్దమ్మాయి