విత్తన గొర్రును మన రేగడికి సరిచేసి అద్దెకివ్వాలి

సంపాదకులకు,

వరి కోసిన మాగాణిలో దున్నకుండా మొక్కజొన్న వేయడం తెనాలి, కొల్లిపర, దుగ్గిరాల రైతులకు కొత్తేమీ కాదు. తాడు పట్టి, కర్రతో బెజ్జాలు వేసి గింజ పెట్టే కూలీలు దొరకడం కష్టమయ్యాక ట్రాక్టర్‌కు తగిలించే జీరో టిల్లేజ్ (దున్నకుండానే విత్తే) గొర్రు మీద ఆశ పెరిగింది. రాయితీ మీద వచ్చినవీ, అద్దె కేంద్రాలవీ ఊళ్లలో ఉన్నాయి. అయినా చాలాచోట్ల ఒక పంటకాలం తిరిగేసరికి అవి చెట్టు కిందికి చేరుతున్నాయి. ‘మొలక రాలేదు’ అని రైతు మళ్లీ కూలీల కోసం వెతుక్కుంటున్నాడు. ఫ్యాక్టరీ నుంచి దిగిన గొర్రును దిగినట్టే మన నల్లరేగడిలో పెట్టడమే దీనికి కారణం.

ఈ గొర్రు పంత్‌నగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయంలో రూపుదిద్దుకుంది. ఉత్తరాదిన వరి తర్వాత గోధుమ విత్తడం కోసం చేసింది. తిరగేసిన ‘టీ’ అక్షరంలా ఉండే దాని కర్రు నేలను సన్నగా చీల్చి అడుగున గింజను వదులుతుంది. తేలికపాటి గరపనేలలో ఆ చీలిక తనంతట తానే పూడుకుంటుంది. డెల్టా రేగడి అలా కాదు. తడి ఎక్కువున్నప్పుడు కర్రు వెళితే చాలు గోడలు తాపీతో నున్నగా పామినట్టు తయారవుతాయి. నాలుగు ఎండలకు ఆ గీత వెంబడే నేల నెర్రె విచ్చి గింజ పైకి కనబడుతుంది. ఎండకు పోయింది పోగా, మిగిలింది పిట్టల పాలు.

అందుకని ముందు పదును, అంటే నేలలో తడి ఎంతుందో చూడాలి. నాలుగైదు సెంటీమీటర్ల లోతు నుంచి పిడికెడు మట్టి తీసి ఉండ చేసి నడుము ఎత్తు నుంచి వదలండి. పగిలితే విత్తొచ్చు. ముద్దగా చప్పుడు చేసి అలాగే కూర్చుంటే ఇంకా ఆగాలి. ప్రతి కర్రు వెనకా ఇనుప గొలుసును వంకీలా కట్టి ఈడ్పిస్తే చాలు మీద మట్టి పడుతుంది. నొక్కే చక్రాలు పొడి పదునులో ఇంకా బాగా పనిచేస్తాయి గానీ తడిలో మట్టి చుట్టుకుని గింజనే లేపుకుపోతాయి. మా ప్రాంతానికి గొలుసే నయం.

రెండో మార్పు పక్కచక్రానికి. గింజ రాల్చే ఇరుసు తిరిగేది ఈ చక్రం వల్లనే. మెత్తటి మాగాణిలో అది జారితే అన్ని మీటర్ల మేర గింజ పడదు, పైనుంచి చూసేవాడికి తెలియదు. చక్రం చుట్టూ ఉన్న ఇనుప మేకులు పొట్టిగా ఉంటే మరో రెండు సెంటీమీటర్లు పొడుగు వచ్చేలా వెల్డింగ్ చేయించాలి. వాటి మధ్య మట్టి పేరుకోకుండా ఒక గీకుడు పట్టీ బిగించాలి. జారుడు ఎంతో కొలవడం తేలికే. చక్రానికి ఒకచోట సున్నం గుర్తు పెట్టి, గొర్రు దించి నడుపుతూ పది చుట్లకు ఎంత దూరం పోయిందో టేపుతో చూడండి. చుట్టుకొలత 126 సెంటీమీటర్లయితే 12.6 మీటర్లు రావాలి. 13.8 వచ్చిందంటే చక్రం దాదాపు 9 శాతం జారుతోంది, అంటే గింజ కూడా అంతే తగ్గుతోంది. దానికి తగ్గట్టు గింజ మోతాదు మార్చే లీవర్‌ను పెంచుకోవాలి.

ఇక తూకం. దీన్ని ఎవరూ చేయడం లేదు, నష్టమంతా ఇక్కడే జరుగుతోంది. ఇరవై సెంటీమీటర్ల ఎడంతో తొమ్మిది కర్రులున్న గొర్రు వెడల్పు 1.8 మీటర్లు. పైన చెప్పిన చక్రం 36 చుట్లు తిరిగితే దాదాపు రెండు సెంట్లు విత్తినట్టు. గొర్రును దిమ్మెల మీద ఎత్తి పెట్టి, ప్రతి గొట్టం కింద ఒక సంచి కట్టి, చక్రాన్ని చేత్తో 36 చుట్లు తిప్పండి. మొత్తం గింజను తూచి 50తో గుణిస్తే ఎకరానికి ఎంత పడుతుందో తెలుస్తుంది. పొడి దుక్కిలో వరి ఎకరానికి 15 కిలోలు వేయాలనుకుంటే సంచులన్నీ కలిపి 300 గ్రాములు రావాలి, ఒక్కో సంచిలో 33 గ్రాముల లెక్క. ఏ సంచిలోనైనా 30కి తగ్గినా 36కు మించినా ఆ గొట్టానికి గింజ వదిలే గాడి రోలరు (గాళ్లున్న చిన్న ఉరుళి) పక్కకు జరిగిందో, పన్ను విరిగిందో, మందు పొడి అంటుకుందో విప్పి చూడాలి. విత్తనశుద్ధి చేసిన గింజకు చిటికెడు గ్రాఫైట్ పొడి కలిపితే అంటుకోదు.

మొక్కజొన్నకు గాడి రోలరు పనికిరాదు. గింజలు గుత్తులుగా పడతాయి, కొన్ని చితుకుతాయి. ఏటవాలు పళ్లెం ఉన్న పెట్టెలు కావాలి. పళ్లెంలోని గుంట గింజ కంటే కాస్తే పెద్దదిగా ఉండాలి, లేకపోతే రెండేసి పడతాయి. సంచి మారి గింజ సైజు మారితే పళ్లెమూ మార్చాలి. తొమ్మిది కర్రుల్లో రెండు, ఐదు, ఎనిమిది మాత్రమే ఉంచి మిగతావి తీసేస్తే 60 సెంటీమీటర్ల సాళ్లు వస్తాయి. ఒకటి, నాలుగు, ఏడు ఉంచినా ఎడం అంతే గానీ బరువు ఒక పక్కకు లాగుతుంది. మొక్కకూ మొక్కకూ 20 సెంటీమీటర్లు కావాలంటే అవే 36 చుట్లకు ఒక్కో గొట్టం నుంచి సుమారు 225 గింజలు రాలాలి. తూకం అక్కర్లేదు, లెక్కపెడితే చాలు. తేడా వస్తే గొలుసు తిరిగే పళ్ల చక్రం (స్ప్రాకెట్) మార్చుకోవాలి.

లోతు సంగతి. గొర్రును సిమెంటు గచ్చు మీద దించితే కర్రులన్నీ ఒకేసారి నేలను తాకాలి. అర సెంటీమీటరుకు మించి తేడా ఉంటే బిగింపు వదులు చేసి సరిచేయాలి. ట్రాక్టర్ టైరు జాడలో నడిచే రెండు కర్రులు మిగతావాటికంటే ముందు అరుగుతాయి, వాటిని అప్పుడప్పుడూ స్థానం మార్చాలి. మొనకు గట్టి పూత రాడ్డుతో వెల్డింగ్ పెట్టిస్తే ఎక్కువకాలం వస్తుంది. విజయవాడ ఆటోనగర్‌లో ఈ పని చేసేవారికి కొదవలేదు. పొలంలో పక్క నుంచి చూస్తే గొర్రు చట్రం నేలకు సమాంతరంగా ఉండాలి, ముందుకు వాలితే టాప్ లింక్ (గొర్రును పైన ట్రాక్టర్‌కు కలిపే కడ్డీ) పొడుగు చేయాలి. మొక్కజొన్నకు నాలుగైదు సెంటీమీటర్ల లోతు, వరికి రెండు మూడు మించకూడదు.

కోత మిషను వదిలిన గడ్డి కుప్పలుగా ఉంటే ఏ గొర్రూ నడవదు. ముందు దాన్ని చల్లేయాలి, లేదా కట్టలు కట్టించి తీయాలి. కర్రులకు ముందు గడ్డి కోసే పళ్లెం చక్రాలు పెట్టిస్తే గడ్డి తెగుతుందంటారు. తడి రేగడిలో తెగదు. మడతపడి చాలులోకి దిగి, గింజ మట్టికి తగలకుండా దానిమీదే కూర్చుంటుంది.

డ్రైవర్లకు చెప్పాల్సినవి రెండే. ట్రాక్టర్ కదులుతుండగానే గొర్రు దించాలి, ఎత్తకుండా వెనక్కి పోకూడదు. లేకపోతే గొట్టం మూతి మట్టితో మూసుకుపోతుంది. గంటకు మూడు నాలుగు కిలోమీటర్లు దాటనివ్వొద్దు.

ఎరువు పెట్టెను సాయంత్రం ఖాళీ చేయకపోతే రాత్రి మంచుకు డీఏపీ గడ్డకడుతుంది, పొద్దున బలవంతంగా తిప్పితే ఇరుసును నడిపే గొలుసు తెగుతుంది. కడిగి ఆరబెట్టి డీజిల్ గుడ్డతో తుడవడానికి పావుగంట చాలు. యూరియా ఈ పెట్టెలో పోయనే వద్దు, గింజతో ఒకే చాలులో పడితే మొలక మాడిపోతుంది. పని అయిపోయాక ఈ నడిపే గొలుసు విప్పి డీజిల్‌లో నానబెట్టి నూనె పట్టించాలి. గొట్టాలు ఎండకు పెళుసుబారతాయి, ఎలుకలు కొరుకుతాయి, కాబట్టి తీసి లోపల పెట్టాలి.

అధికారులకు మా విన్నపం ఇదే. రైతు సేవా కేంద్రాలు, అద్దె కేంద్రాల్లో గొర్రు ఇచ్చే ముందు ఈ 36 చుట్ల తూకం వేసి, ఏ పంటకు లీవర్ ఏ గంటు దగ్గర ఉండాలో పెట్టె మూత లోపలి వైపు పెయింటుతో రాయించండి. గొర్రుతోపాటు రెండు విడి కర్రులు, ఒక గొలుసు, మూడు రకాల పళ్లేలు ఇవ్వండి. వరి కోతలు మొదలయ్యేలోపు మండలానికి ఇద్దరు మెకానిక్‌లకు బాపట్ల వ్యవసాయ ఇంజినీరింగ్ కళాశాలలోనో, గుంటూరు దగ్గరి లాం వ్యవసాయ పరిశోధన కేంద్రంలోనో శిక్షణ ఇప్పించండి.

— వ్యవసాయ యంత్రాల మరమ్మతుదారులు,
తెనాలి, గుంటూరు జిల్లా